తెగిన దారం చివర చూశారా?

ప్రశ్న: అన్నా, మాది పి.గన్నవరం దగ్గర పల్లెటూరు. చిన్నప్పటి నుంచి వానపాము గుచ్చి టంగూసు దారంతో గాలం వేసినవాణ్ణే. ఆర్నెల్ల కిందట లూర్ (బొమ్మ ఎర) ఫిషింగ్ మీద మోజు పుట్టింది. 7 అడుగుల లైట్ రాడ్ కొన్నాను, దాని మీద పీఈ 0.6–1.2, లూర్ 5–18 గ్రాములు అని రాసి ఉంది. 2500 సైజు రీల్. షాపులో పీఈ 0.8 బ్రెయిడ్ (అల్లిన దారం) 150 మీటర్లు, లీడర్ (బ్రెయిడ్‌కీ లూర్‌కీ మధ్య కట్టే ముక్క) కోసం 30 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం ఇచ్చారు. నెల తిరక్కుండా నాలుగు లూర్లు పోయాయి. రెండుసార్లు విసరగానే లీడర్‌తో సహా లూర్ ఎగిరి నీళ్లలో పడింది. బ్రెయిడ్ చివర పంది తోకలా చుట్టలు తిరిగి ఉంది. మూడోసారి చెరువులో కప్ప లూర్‌ని కొరమీను అందుకుని గుర్రపు డెక్కలోకి దూరింది. దారం చేతికి చుట్టి లాగితే వేలు కోసుకుంది, దారమూ తెగింది. లీడర్ వల్లే ఈ గొడవంతా అనుకుని, ఓడలరేవు వైపు వెళ్లినప్పుడు బ్రెయిడ్‌నే నేరుగా లూర్‌కి కట్టాను. పాత రేవు కర్రల దగ్గర మంచి పండుగప్ప తగిలి, రెండు క్షణాల్లో పోయింది. ఈసారి దారం చివర బ్రష్‌లా విచ్చుకుని ఉంది. మధ్యమధ్యలో దారం చిక్కుపడి గూడు కడుతోంది. డ్రాగ్ (చేప లాగితే రీల్ దారం వదిలే బిగింపు) ఎంత బిగించినా జారుతోంది. ఇంకా సన్నది వేస్తే దూరం పోతుందని ఒకరు, మందంది వేయమని ఇంకొకరు. మా నాన్నైతే ఇదంతా దండగ, టంగూసే వేయరా అంటున్నారు. ఏ దారం కొనమంటారు?

సమాధానం: ముందు చెప్పేది, ఇప్పుడే ఏ దారమూ కొనకండి. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. తెగిన చివర ఎలా ఉందో చూసి రాశారు. చాలామంది తిట్టుకుంటూ రీల్ తిప్పేస్తారు, ఆ చివరను చూడరు. అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. మీ నాలుగు లూర్లూ పోయింది ఒక కారణంతో కాదు, మూడు కారణాలతో. దారం మార్చినంత మాత్రాన మూడూ పోవు.

మొదటి రెండూ చూద్దాం. బ్రెయిడ్ చివర పంది తోకలా చుట్టలు తిరిగిందంటే దారం తెగలేదు, ముడిలోంచి జారిపోయింది. టంగూసు దారం కాస్త మెత్తగా, ముడిలో ఒకదాన్నొకటి పట్టుకునేలా ఉంటుంది. బ్రెయిడ్ అలా కాదు. అది పాలిథిలిన్ పోగులతో అల్లింది. పీఈ అనే రెండక్షరాలు అక్కడి నుంచే వచ్చాయి. డైనీమా, స్పెక్ట్రా అని పెట్టెల మీద కనిపించే పేర్లు కూడా ఆ రకం పోగువే. మహా గట్టిది, కానీ సబ్బు రాసినట్టు జారుతుంది. టంగూసుకు ఐదు చుట్లతో నిలిచే ముడి దీనికి నిలవదు. దానికి తోడు మీ బ్రెయిడ్ మందం సుమారు 0.148 మిల్లీమీటర్లు, 30 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దాదాపు 0.45. మోకుకి కుట్టుదారం కట్టినట్టన్నమాట. ముడి సరిగ్గా బిగుసుకోదు. బిగుసుకున్నా ఆ బుడిపె మీ లైట్ రాడ్ చివరి చిన్న రింగులకు కొట్టుకుంటుంది. విసిరినప్పుడల్లా ఠక్ ఠక్ మని వినబడే ఉంటుంది. ఒక్కో దెబ్బకీ ముడి కాస్త కాస్త వదులై, ఒక విసురులో లూర్ దారి లూర్‌ది అయింది.

ఇక్కడే ఈ నంబర్ల సంగతి చెప్పేస్తాను. పీఈ పక్కనుండే అంకె బలం కాదు, మందం. జపాన్ వాళ్ల లెక్క అది. 0.6 అంటే సుమారు 0.128 మిల్లీమీటర్లు, 1 అంటే 0.165, 1.5 అంటే 0.205, 2 అంటే 0.235. బలం ఎంతన్నది కంపెనీని బట్టి, అల్లికను బట్టి మారుతుంది. పీఈ 1కి 16 నుంచి 20 పౌండ్లు అని రాసి ఉంటే నమ్మొచ్చు. 0.10 మిల్లీమీటర్లు అని రాసి, పక్కనే 30 పౌండ్లు అని కూడా రాసిన డబ్బా కనిపిస్తే ఆ రెంటిలో ఒకటి అబద్ధం. మామూలుగా మందమే అబద్ధం అవుతుంది, ఇంటికొచ్చి చూస్తే పురికొసలా ఉంటుంది. నాలుగు పోగుల అల్లిక కాస్త గరుకు, చవక, రాపిడికి కొంచెం ఓర్చుకుంటుంది. ఎనిమిది పోగులది నున్నగా, చప్పుడు లేకుండా, దూరం పోతుంది. మీరు నేర్చుకునే దశలో ఉన్నారు కాబట్టి నాలుగు పోగులది వేసినా కొంపేమీ మునగదు.

ఫ్లోరోకార్బన్ లీడర్‌కి మాత్రం ఒక సులువు ఉంది. నంబరును నాలుగుతో హెచ్చిస్తే దాదాపు పౌండ్లు వస్తాయి. 3 నంబరు అంటే 12 పౌండ్లు, 0.285 మిల్లీమీటర్లు. 5 నంబరు అంటే 20 పౌండ్లు, 0.37. మీ పీఈ 0.8కి సరిజోడు ఆ 12 పౌండ్లదే. బ్రెయిడ్ కన్నా లీడర్ కాస్త తక్కువ బలంగా ఉండటంలో లాభం ఉంది. అడుగున దుంగకు లూర్ పట్టుకుని ఎంతకీ రాకపోతే తెగేది లీడర్ దగ్గరే. 50 మీటర్ల బ్రెయిడ్ నీళ్లలో వదిలేసి రావలసిన పని ఉండదు. అది కుళ్లదు, కరగదు. కొంగల కాళ్లకు చుట్టుకున్న దారం నేను చూశాను, మళ్లీ చూడాలని లేదు. కత్తిరించిన ముక్కలు కూడా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి.

ఇప్పుడు ముడి. ఎఫ్‌జీ అనే ముడి నేర్చుకోండి. వీడియో చూస్తే భయం వేస్తుంది, చేతులు అలవాటుపడితే మూడు నిమిషాల పని. రాడ్‌ను గోడకు ఆనించి, డ్రాగ్ బిగించి, బ్రెయిడ్ కొసను పళ్ల మధ్య పట్టుకుని కొంచెం వెనక్కి జరగండి. నోట్లో పెట్టుకోవడం ఇష్టం లేకపోతే చిటికెన వేలికి నాలుగు చుట్లు చుట్టుకోండి. దారం వీణ తీగలా బిగుతుగా ఉండాలి, ఈ ముడికి ప్రాణం అదే. దాని మీద లీడర్‌ను అడ్డంగా పెట్టి, లీడర్ కొసను ఒకసారి మీ వైపు నుంచి, ఇంకోసారి అవతలి వైపు నుంచి తిప్పుతూ పోండి. అప్పుడు బ్రెయిడ్ రెండు కాళ్లూ లీడర్ మీద జడ పాయల్లా అటొకటి ఇటొకటి పడుతూ వస్తాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, పక్కపక్కనే కూర్చోవాలి. అలా 20 వచ్చాక వేళ్లతో నొక్కి పట్టుకుని, బ్రెయిడ్ కొసతో లీడర్‌ను, అసలు దారాన్ని కలిపి ఒక సగం ముడి వేయండి.

ఆ తర్వాత ఉమ్మితో తడపండి. ఇది మర్చిపోవద్దు. పాలిథిలిన్ 150 డిగ్రీల లోపే కరుగుతుంది, పొడి ముడిని విసురుగా లాగితే ఆ రాపిడి వేడికే పోగు దెబ్బతింటుంది. పైకి ఏమీ కనపడదు. మంచి చేప పడ్డప్పుడే కనపడుతుంది. ధవళేశ్వరం కాలవ లాకుల దగ్గర ఒక వాలుగను నేను అలాగే పోగొట్టుకున్నాను. చీకటి పడుతోంది, తొందర, ముడి తడపడానికి నోట్లో ఉమ్మి కూడా లేనట్టు లాగేశాను. ఆ దారానిదీ తప్పు కాదు, షాపు వాడిదీ కాదు.

తడిపాక అసలు దారాన్ని ఒక చేత్తో, లీడర్‌ను ఇంకో చేత్తో మెల్లగా, గట్టిగా లాగండి. ముడి పొడుగ్గా సాగి, బ్రెయిడ్ రంగు ఒక్కసారిగా ముదురుతుంది. లేత ఆకుపచ్చ దారమైతే తడి ఆకులా అవుతుంది. ఆ రంగు మారేదాకా అది ముడి కాదు, ఉత్త చుట్టే. రంగు మారాక ఇంకో రెండు సగం ముళ్లు వేసి, లీడర్ కొసను ముడి అంచుకల్లా కత్తిరించి, ఆపైన బ్రెయిడ్ మీద మాత్రమే పైకొకటి కిందకొకటి నాలుగైదు వేసి ఆపేయండి. చేత్తో తడిమితే బుడిపె తగలకూడదు. గోరు సాఫీగా జారిపోవాలి.

పడవలో ఊగుతూ ఎఫ్‌జీ వేయడం నాకూ విసుగే. అక్కడ డబుల్ యూని అనే ముడి చాలు. బ్రెయిడ్‌ను మడిచి జంట చేసుకుని 8 చుట్లు, లీడర్‌కి 4 చుట్లు. అదైతే లీడర్ మూరన్నరకు మించనివ్వకండి. ముడి చివరి రింగు బయటే ఉండిపోతుంది, విసిరినప్పుడు కొట్టుకోదు. ఎఫ్‌జీ అయితే బారెడు లీడర్ పెట్టుకున్నా ఫర్వాలేదు.

ఏ ముడి వేసినా ఏటికి వెళ్లకముందు ఇంట్లో బకెట్ పరీక్ష పెట్టండి. లీడర్ చివర బకెట్ పిడికి కట్టండి. బ్రెయిడ్‌ను ఒక రోకలికి పది చుట్లు చుట్టి, బకెట్‌ను నేల నుంచి నాలుగు వేళ్ల ఎత్తు లేపండి. ఇంకొకరిని చెంబుతో నీళ్లు పోయమనండి. లీటరు నీళ్లు కిలో, లెక్క సులువు. జారే ముడైతే రెండు లీటర్లకే సంగతి చెప్పేస్తుంది. బకెట్‌తో కలిపి నాలుగు కిలోలు నిమిషం పాటు ఆగితే ఆ ముడితో ధైర్యంగా వెళ్లొచ్చు. 12 పౌండ్లంటే 5.4 కిలోలు, ఏ ముడి దగ్గరైనా కొంత బలం పోతుంది మరి. నేల తడిసిందని ఇంట్లో వాళ్లు ఏమన్నా అంటే నన్ను తలుచుకోండి.

కొరమీను విషయం వేరు. అక్కడ మీ ముడి తప్పు కాదు, చోటు తప్పు. గుర్రపు డెక్క, తామర, నాచు ఉన్న చోట కొరమీను పట్టిన క్షణంలోనే తల తిప్పి పైకి ఈడ్చుకురావాలి, దానికి ఒక్క మూర వదిలినా డెక్క వేర్లకు చుట్టేసుకుంటుంది. పీఈ 0.8తో ఆ ఈడ్పు కుదరదు. ఆ పనికి గట్టి రాడ్ వేరే ఉండాలి, దాని మీద పీఈ 4, లేదంటే 5, లీడర్ లేకుండా నేరుగా కప్పకి పాలోమార్ ముడితో కట్టాలి. ఆకుల్లో లీడర్ ముడి చెత్త పట్టుకోవడం తప్ప ఒరగబెట్టేది ఏమీ లేదు. ఆ గుబురులో చేప దారం చూసి ఆలోచించేంత తీరిగ్గా ఉండదు. అంతేగానీ మీ లైట్ రాడ్‌కే పీఈ 4 ఎక్కించకండి. దారం తెగదు సరే, రాడ్ విరుగుతుంది. రెండో రాడ్ కొనేదాకా ఈ రాడ్‌తో తేట నీళ్ల గట్ల వెంట, కాలవల్లో 5 నుంచి 12 గ్రాముల లూర్లు విసురుకోండి. చిన్న కొరమీనులు అక్కడా దొరుకుతాయి.

పట్టుకున్న దాన్ని లాగడానికి దారం చేతికి చుట్టడం మాత్రం ఇంకెప్పుడూ చేయొద్దు. ఈసారి చర్మంతో పోయింది. రాడ్‌ను లూర్ వైపు సూటిగా పెట్టి, దారాన్ని ఒక కర్రకి చుట్టి వెనక్కి నడవండి. మొహం పక్కకి తిప్పుకోండి, లూర్ ఊడి వచ్చిందంటే కంటికే వస్తుంది.

నాలుగోది, పండుగప్ప. బ్రష్‌లా విచ్చుకున్న చివర అంటే రాపిడి. రేవు కర్రలకు పట్టిన గుల్లలు కావచ్చు, పండుగప్ప మొప్ప మీది డొప్ప కావచ్చు. దాని అంచు బ్లేడులా ఉంటుంది, చేత్తో పట్టుకున్న వాళ్లకు తెలుసు. నోటి లోపల పళ్లు కనపడవు గానీ గరుకు కాగితంలా ఉంటుంది. బ్రెయిడ్ లాగుడుకి ఎంత గట్టిదో రాపిడికి అంత పిరికిది. ఒక పోగు తెగిందంటే మిగిలినవి వరస కడతాయి. లీడర్ పెట్టేది దీనికోసమే. మీరు దాన్ని తీసేసింది సరిగ్గా అది కావలసిన చోట.

అలాంటి చోట 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్ పెట్టండి. 12 చాలదు. మీ 30 పౌండ్ల చుట్ట పారేయొద్దు, ముందు ముందు పీఈ 2 వేసే రాడ్ కొంటే పనికొస్తుంది. ప్రతి చేప తర్వాత, ప్రతి తగులు తర్వాత లీడర్ చివరి జానెడూ పెదవుల మధ్య నుంచి లాగి చూడండి. వేళ్లకు తెలియని గరుకు పెదవికి తెలుస్తుంది. గరుకు తగిలితే ఆ జానెడూ కత్తిరించి మళ్లీ కట్టుకోండి, బద్ధకించొద్దు. పాటు మొదలయ్యాక నీళ్లు దిగుతుంటే కర్రల మీది గుల్లలు కనపడతాయి. ఎక్కడెక్కడ ఉన్నాయో అప్పుడే చూసి పెట్టుకుంటే పోటు మీద విసిరేటప్పుడు ఆ పక్కకి పోకుండా ఉంటారు. కాకినాడ వైపు కోరింగ మడ అడవులకు వెళ్లాలనిపిస్తే, అది అభయారణ్యం, అటవీశాఖ వాళ్లను అడగకుండా గాలం తీయకండి.

ఫ్లోరోకార్బన్ నీళ్లలో కనపడదని ఊరించి అమ్ముతారు. దాని వక్రీభవనం నీటికి దగ్గరే, 1.42. నీటిది 1.33. అది నిజమే. కానీ వరద గోదావరిలో మోకు వేసినా కనపడదు. నేను దాన్ని కొనేది గుల్లలకు ఓర్చుకుంటుందని, నీళ్లలో మునుగుతుందని. పైన తేలే లూర్ వాడే రోజు మాత్రం నైలాన్ లీడరే మేలు. ఫ్లోరోకార్బన్ బరువుకి చిన్న లూర్ ముక్కు కిందికి వంగి, ఆడాల్సిన ఆట ఆడదు. లూర్ దగ్గర పెద్ద స్వివెల్ (తిరిగే లోహపు కొలికి) పెడుతుంటే అదీ తీసేయండి. చిన్న స్నాప్ (లూర్ తగిలించే కొక్కెం) చాలు.

గూడు కట్టడం గురించి. లూర్ నీళ్లలో పడగానే హ్యాండిల్ తిప్పి, రీల్ మీది బెయిల్ తీగ (విసిరేముందు ఎత్తేది) పడేస్తున్నారు కదూ? అలా చేస్తే స్పూల్ (దారం చుట్టుకునే భాగం) మీద ఒక వదులు చుట్టు మిగిలిపోతుంది, తర్వాత విసురులో అదే పది చుట్లను లాక్కుని గూడవుతుంది. తీగను చేత్తో వేసి, దారాన్ని వేలితో ఒకసారి బిగలాగి, అప్పుడు తిప్పండి. గూడు పడితే మాత్రం లాగకండి. లాగిన కొద్దీ బిగుసుకుంటుంది. గుండుసూదితో ఉచ్చులను ఒక్కొక్కటే వదులు చేస్తే పదింట ఎనిమిది సార్లు విడిపోతుంది. విడిపోయినా అక్కడ పోగులు నలిగి ఉంటే అక్కడికి కత్తిరించెయ్యండి. ఇంకా సన్నది వేస్తే దూరం పోతుందన్న మాట అబద్ధం కాదు, కానీ పీఈ 0.6 గూడు విప్పడం అంటే వెంట్రుక చిక్కు తీయడం. ఇప్పుడే వద్దు.

డ్రాగ్ జారడం డ్రాగ్ తప్పు కాదనుకుంటున్నాను. స్పూల్ అంచును తిరగకుండా గట్టిగా పట్టుకుని, దారం కొసను లాగండి. స్పూల్ తిరగకుండా దారం చుట్ట మొత్తం దాని మీద జారుతుంటే, బ్రెయిడ్‌ను నేరుగా ఉత్త స్పూల్‌కి కట్టారన్నమాట. నున్నటి దారం, నున్నటి లోహం, పట్టు ఎక్కడుంటుంది? అడుగున కొంత నైలాన్ చుట్టాలి. ఎంత చుట్టాలో లెక్కలు కట్టకుండా తేలిక దారి ఒకటుంది. ముందు బ్రెయిడ్ మొత్తం స్పూల్‌కి ఎక్కించి, దాని కొసకి నైలాన్ కట్టి, అంచుకి 2 మిల్లీమీటర్లు తక్కువగా నిండేదాకా చుట్టండి. అక్కడ నైలాన్ కత్తిరించి, మొత్తాన్ని ఇంకో స్పూల్‌కి విప్పుకోండి. దాని నుంచి మరో స్పూల్‌కి, మళ్లీ దాని నుంచి మీ రీల్‌కి. ఇప్పుడు నైలాన్ అడుగున, బ్రెయిడ్ పైన. ఆఖరిసారి ఎక్కించేటప్పుడు తడి గుడ్డతో దారాన్ని నొక్కి పట్టుకుని బిగుతుగా చుట్టాలి, సగం గూళ్లు దాంతోనే పోతాయి. ఆ తర్వాత స్ప్రింగ్ కాటా కొసకి కట్టి, కిలోన్నర దగ్గర జారేలా డ్రాగ్ పెట్టుకోండి. బ్రెయిడ్ సాగదు కాబట్టి, చేప ఒక్క ఊపు ఊపితే సర్దుకోవలసింది రాడ్ వంపు, ఆ డ్రాగే.

మీ నాన్నగారి మాట కొట్టిపారేయకండి. టంగూసు బాగా సాగుతుంది, ఎర గుచ్చి కూర్చునే గాలానికి ఆ సాగుడు మంచిదే. మీ లూర్ వణుకు వేలికి తెలియాలి కాబట్టి మీకు బ్రెయిడ్ కావాలి, అంతే తేడా. అడుగున చుట్టడానికి నైలాన్ మాత్రం కొత్తగా కొనకండి. ఆయన చుట్టలోంచే తీసుకోండి, ఎందుకో చెప్పి మరీ అడగండి.